ఎవరొచ్చారో రాసి పెట్టుకోండి

(ఒక కాలేజీ సైన్స్ ఫిక్షన్ సంఘం ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులు మాస్టారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ సంఘం పెట్టిన పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ నాకు ఇచ్చిందే ఇరవై నిమిషాలు, అందులో మూడు మైకు మింగేసింది. శాలువా ఇప్పుడే కప్పేస్తామన్నారు. ఈ ఉక్కలో వద్దన్నాను. నేను మాట్లాడటం అయ్యాక, అప్పటికీ కప్పాలనిపిస్తే కప్పండి.

ఆహ్వానం కార్డులో నా అంశం ‘సైన్స్ ఫిక్షన్ – రేపటి ప్రపంచం’ అని వేశారు. రేపటి ప్రపంచం సంగతి మీకే బాగా తెలుస్తుంది, అందులో ఉండబోయేది మీరు. నేను నిన్నటి సంగతి మాట్లాడతాను. మధ్యలో ఈ ఏడాది వార్తలు కూడా కొన్ని చెబుతాను. మర్చిపోతే గుర్తుచేయండి, మర్చిపోయే వయసే.

మన ఊళ్లలో ఫ్యాన్స్ అసోసియేషన్ అంటే కటౌట్, పాలాభిషేకం, బెనిఫిట్ షో. నేను ఎగతాళి చెయ్యడం లేదు, టికెట్ క్యూలో చొక్కా చింపుకున్నవాణ్ణే. హీరో ఫ్యాన్‌కి ఒక సుఖం ఉంది. టీ కొట్టు దగ్గర నిలబడితే తనలాంటివాడు ఒకడు దొరుకుతాడు, లేదా తిట్టుకోవడానికి అవతలి హీరో ఫ్యాన్ దొరుకుతాడు. సైన్స్ ఫిక్షన్ పిచ్చివాడికి ఆ సుఖం లేదు. కాలంలో వెనక్కి వెళ్లినవాడు తన తాతనే చంపేస్తే ఏమవుతుందిరా అని పక్కింటివాణ్ణి అడిగి చూడండి. ‘పోలీసులు పట్టుకుపోతారు’ అంటాడు. ఇంకో పిచ్చివాడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. ఫ్యాన్ క్లబ్బుల కథంతా ఆ వెతుకులాటే.

అమెరికాలో 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అనే ఆయన అచ్చంగా ఇలాంటి కథలకే ఒక పత్రిక పెట్టాడు. కథల సంగతి అలా ఉంచండి. ఉత్తరాల పేజీలో ఆయన పాఠకుల పూర్తి చిరునామాలు వేశాడు. ఇంటి నంబరుతో సహా. మన వారపత్రికల్లో కలం స్నేహం శీర్షిక ఉండేది చూడండి, దాదాపు అలాగే పనిచేసింది. పాఠకులు ఎడిటర్‌ని వదిలేసి ఒకళ్లకొకళ్లు ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. 1930 మే నెలలో షికాగో కేంద్రంగా ఉన్న ఒక ఉత్తరాల క్లబ్ తన సొంత పత్రిక తెచ్చింది. పేరు ‘ది కామెట్’, అంటే తోకచుక్క. అభిమానులు తెచ్చిన మొదటి సైన్స్ ఫిక్షన్ పత్రిక అదేనంటారు. ఇలాంటి పత్రికలకు ఫ్యాన్‌జీన్ అన్న పేరు ఆ తర్వాత, 1940లో వచ్చింది. పెట్టింది కూడా ఒక అభిమానే, రస్ షోవనే అని.

తోకచుక్క అన్నాను కదా, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు ఒక కొట్లాట కథ చెప్పాలి. ఇది నాకు చాలా ఇష్టం. ఇదివరకు నా నోట విన్నవాళ్లు క్షమించాలి.

1939. న్యూయార్క్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది. దాని అంశం ఏమిటో తెలుసా? ‘రేపటి ప్రపంచం’! మీరు కార్డులో వేసిన మాటే. ఆ హడావుడిలోనే జులై 2న మాన్‌హాటన్‌లో కారవాన్ హాల్ అనే చోట మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ పెట్టారు. ఇప్పుడు వరల్డ్‌కాన్ అంటున్నది దాన్నే. పేరుకు ప్రపంచ సభ, వచ్చింది సుమారు 200 మంది. లాస్ ఏంజెలస్ నుంచి ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే కుర్రాడు రేపటి మనిషి వేషం వేసుకుని వచ్చాడు. ఇవాళ మీరంతా కాస్‌ప్లే అంటున్నారే, దానికి మూలపురుషుడని ఆయన్నే చెబుతారు. ఆ బట్టలు కుట్టింది మాత్రం మర్టిల్ డగ్లస్ అనే ఆవిడ. ఆవిడా అలాంటి వేషంలోనే వచ్చింది. కుట్టింది ఆవిడ, పేరు ఆయనది. మనకు ఇది కొత్త కాదు లెండి.

కొట్లాట గుమ్మం దగ్గర జరిగింది. న్యూయార్క్‌లో అప్పటికే రెండు ముఠాలున్నాయి. సభ పెట్టింది ఒక ముఠా, వాళ్లలో ముఖ్యుడు శామ్ మాస్కోవిట్జ్. అవతలి ముఠా ఫ్యూచూరియన్లు. హాల్లో వేడి కోసం పెట్టిన రేడియేటర్ కింద ఎవరో కరపత్రాల కట్టలు దాచారు. మాస్కోవిట్జ్‌కి కనబడ్డాయి. తీసి చూస్తే, ఈ నిర్వాహకులు నియంతలు, జాగ్రత్త అని ఉంది. ఇంకేముంది! గొడవ చెయ్యబోమని మాట ఇస్తేనే లోపలికి రండి అన్నాడు. ఆరుగురు మాట ఇవ్వం పొమ్మన్నారు. ఆరుగుర్నీ బయటే ఆపేశారు. తమాషా ఏమిటంటే, ఆ కరపత్రం రాసిన డేవ్ కైల్ దర్జాగా లోపలే కూర్చున్నాడు. అదే ముఠాకి చెందిన ఇంకో కుర్రాడు కూడా ఎలాగో లోపలికి దూరాడు. పేరు ఐజాక్ అసిమోవ్, వయసు 19.

బయట నిలబెట్టిన ఆరుగురిలో ఒకడు ఫ్రెడరిక్ పోల్. వాడికీ 19 ఏళ్లే. వాడు అంటున్నాను, తర్వాత ఎంత పెద్ద రచయిత అయ్యాడో, ఎంత పెద్ద పత్రికలకు ఎడిటరో మీకు తెలుసు. కథలకు, ఎడిటింగ్‌కి ఆ సభల్లో ఇచ్చే హ్యూగో అవార్డులు బోలెడన్ని తీసుకున్నాడు. 2010లో ఇంకో హ్యూగో ఇచ్చారు. ఏ విభాగంలోనో తెలుసా? ఉత్తమ అభిమాని రచయిత! గుమ్మంలో ఆపేసిన కుర్రాడికి 71 ఏళ్ల తర్వాత, 90 ఏళ్ల వయసులో, నువ్వు మా ఫ్యాన్‌వి అని చెప్పడం. ఇది చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది. ఒక్క నిమిషం. నీళ్లు.

ఇప్పుడు ఒక ప్రశ్న. రేడియేటర్ కింద కరపత్రం దొరికిందని నాకెలా తెలిసింది? నేను పుట్టకముందు, సముద్రాల అవతల, పాతికేళ్లు నిండని కుర్రాళ్లు గుమ్మం దగ్గర పడ్డ తగాదా అది. ప్రపంచానికి దానితో ఏం పని? అయినా తెలిసింది. ఎందుకంటే రెండు ముఠాలవాళ్లూ రాసిపెట్టారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎవర్ని ఏమన్నారు, అన్నీ. మాస్కోవిట్జ్ అయితే ఆ పదేళ్ల అభిమానుల తగాదాల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. లాస్ ఏంజెలస్‌లో ఒక క్లబ్ ఉంది, 1934 నుంచీ నడుస్తోంది, ప్రతి గురువారం కలుస్తారు. కలవగానే పోయినవారం మినిట్స్ చదువుతారు. చనిపోయినా సభ్యత్వం పోదు అనేది వాళ్ల సరదా నినాదం. అయోవా విశ్వవిద్యాలయం రస్టీ హెవెలిన్ అనే అభిమాని జీవితమంతా కూడబెట్టిన సుమారు 10,000 ఫ్యాన్‌జీన్లను తెచ్చుకుని భద్రపరిచింది. యూనివర్సిటీ అండీ! ఇంట్లో ఆడవాళ్లు ‘ఈ చెత్త ఎప్పుడు తీస్తారు’ అనే సరుకు అది.

మరి మన సంగతి?

మేం కూడా ఒక సంఘం పెట్టాం. విజయవాడలో. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్లాడు, ఆ వారంలోనే గవర్నర్‌పేటలో ఒక స్నేహితుడి మేడ మీద ఐదుగురం కలిసి పెట్టాం. పేరు చెప్పను, చెబితే నవ్వుతారు. రెండు కాగితాల పత్రిక కూడా తెచ్చాం, సైక్లోస్టైల్ చేసి. ఈ పిల్లల్లో సైక్లోస్టైల్ ఎవరికి తెలుసు? ఎవరూ చెయ్యెత్తరు, నాకు తెలుసు.

మైనం పూసిన పలచటి కాగితం ఉంటుంది, స్టెన్సిల్ అంటారు. ఇంగ్లీషు అయితే టైపు కొట్టొచ్చు. తెలుగు టైపు మిషన్ మాకు ఎక్కడుంది? ఉక్కు ములికి ఉన్న పెన్నుతో చేత్తో గీకేవాళ్లం. గీకిన చోట మైనం పోతుంది, అందులోంచి ఇంకు దిగుతుంది. ఇంగ్లీషు అక్షరాలు గీతలు కాబట్టి బాగానే పడతాయి. మన లిపి చూడండి, అన్నీ గుండ్రాలే. సున్నా చుడితే చాలు, నడిమి ముక్క ఊడి చేతికొస్తుంది. కాగితం మీద సున్నా బదులు నల్లటి మచ్చ పడుతుంది. అందుకని మా సెక్రటరీ ఒక ఉపాయం కనిపెట్టాడు. సున్నా పూర్తిగా మూయకుండా పైన వెంట్రుకవాసి ఖాళీ వదిలేసేవాడు. మా పత్రికలో సున్నాలన్నీ నోరు తెరుచుకుని ఉండేవి. ‘అంతరిక్షం’ అనే మాటలో రెండు నోళ్లు. కోర్టు దగ్గర జాబ్ టైపింగ్ షాపాయన రాత్రి ఎనిమిది దాటాక హ్యాండిల్ తిప్పుకోనిచ్చేవాడు. వంద కాపీలు తీసి, ఇంటికెళ్తే అమ్మ ఆ నల్లచేతులతో అన్నం కంచం ముట్టుకోనిచ్చేది కాదు.

పదకొండు సంచికలు తెచ్చాం. ఏం ఉండేవి అందులో? వార్తలే. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఎవరికి ఏ పాత పుస్తకం దొరికింది, ఎంతకు బేరమాడారు, ఎవరి దగ్గర తీసుకుని తిరిగివ్వలేదు. 1986 ఏప్రిల్‌లో హేలీ తోకచుక్క చూడటానికి తెల్లవారుజామున మూడున్నరకి ప్రకాశం బ్యారేజి దిగువ ఇసుకలోకి వెళ్లాం. పదకొండు మంది. కనబడిందని ఏడుగురు, కనబడలేదని నలుగురు. వెనక్కి వచ్చేదారిలో ఇడ్లీ కొట్టు దగ్గర చేతులెత్తించి, మెజారిటీ ప్రకారం కనబడినట్టు తీర్మానం చేశాం. ఆ తీర్మానం పత్రికలో వేశాం. నేను కనబడలేదన్న నలుగురిలో ఒకణ్ణి. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. అది మళ్లీ 2061లో వస్తుంది, మీరు చూసి చెప్పండి.

అధ్యక్షులవారు చీటీ పంపారు: ‘వార్తలు’. అవును, వార్తలు. చెప్పేస్తాను. ఈ ఏడాది, అంటే 2026 వరల్డ్‌కాన్ ఆగస్టు 27 నుంచి 31 వరకు కాలిఫోర్నియాలో అనహైం అనే ఊళ్లో. 84వది. మీలో సగం మందికి అక్కలో బావలో ఆ రాష్ట్రంలోనే ఉంటారు. సెలవు పెట్టి వెళ్లమని, వెళ్లి నాలుగు పేజీలు తెలుగులో రాసి పంపమని చెప్పండి. రెండో వార్త, కొంచెం పాతది గానీ మనవాళ్లకు నచ్చుతుంది. హ్యూగో అవార్డులకు ఓటు వేసేది సభ్యత్వం కట్టిన అభిమానులే. 2024లో గ్లాస్గో సభ అప్పుడు 3,800 పైచిలుకు ఓట్లు వస్తే, అందులో 377 దొంగ ఓట్లని తేల్చి కొట్టేశారు. ఎలా పట్టుకున్నారంటే, కొందరి పేర్లు వరసగా అంకెల పేర్లట, ఒకటి, రెండు, మూడు అన్నట్టు. ఇంకొందరికి ఇంటిపేరంతా ఒకటే, మొదటి అక్షరం మాత్రం వర్ణమాల వరసలో మారుతుంది. పంచాయతీ ఎన్నికల్లో మనవాళ్లు ఇంతకంటే శ్రద్ధగా చేస్తారు. కానీ చూడండి, నిర్వాహకులు లెక్కతో సహా బయటపెట్టారు. అంతకుముందు ఏడాది చైనాలోని చెంగ్డూ సభ అప్పుడు కొన్ని రచనలను, కొందరి పేర్లను కారణం చెప్పకుండా పోటీలోంచి తీసేస్తే అభిమానులు ఊరుకోలేదు, బాధ్యులు పదవులు వదులుకోవాల్సి వచ్చింది.

మూడోది మన దేశానిదే. కలకత్తాలో 1966లోనే సైన్స్ ఫిక్షన్ సినీ క్లబ్ ఉండేది. అధ్యక్షుడు ఎవరనుకున్నారు, సత్యజిత్ రాయ్. కార్యదర్శి అద్రీశ్ బర్ధన్, 1963లోనే బెంగాలీలో సైన్స్ ఫిక్షన్‌కి ప్రత్యేకంగా మాసపత్రిక పెట్టినవాడు. వాళ్లకూ డబ్బుల్లేవు, ఆ క్లబ్ కొన్నేళ్లే నడిచింది. అయినా దాని ముచ్చట బెంగాలీవాళ్లు ఇవాళ్టికీ చెప్పుకుంటారు. కాగితాలు మిగిలాయి మరి.

మా సంఘం ఎలా పోయిందో చెప్పలేదు కదూ. పుష్పక విమానం వల్ల పోయింది. నవ్వకండి. పుష్పకం సైన్స్ ఫిక్షన్ అవుతుందా కాదా అని ఒక ఆదివారం సాయంత్రం మొదలైంది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని చెప్పినవాడి ఊహ మామూలు ఊహా అని సెక్రటరీ అన్నాడు. ఎలా పనిచేస్తుందో చెప్పని బండి మంత్రమే అవుతుంది గానీ సైన్స్ ఎలా అవుతుందని నేను. మాటా మాటా పెరిగింది. వాడు స్టెన్సిల్ పెన్ను బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయాడు. పదకొండో సంచిక నేనే గీకాను. ‘కార్యదర్శి గారు పుష్పకం ఎక్కి వెళ్లిపోయారు’ అని వేశాను. నా సున్నాలన్నీ మచ్చలు పడ్డాయి. పన్నెండో సంచిక లేదు.

తర్వాత మాటలు కలిశాయి లెండి. పెళ్లిళ్లకు వెళ్లాం, వచ్చాం. పత్రిక ఊసు మాత్రం ఇద్దరం ఎత్తలేదు. పోయిన సంవత్సరం వాడు పోయాడు. పదో రోజు అయ్యాక వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ‘అంకుల్, నాన్న చేత్తో రాసినవి మీ దగ్గరేమైనా ఉన్నాయా? మీరేదో పత్రిక నడిపారటగా’ అంది.

పదకొండు సంచికలూ నా దగ్గరే ఉండేవి, ఫైలు కట్టి. 1998లో ఇల్లు మారేటప్పుడు అటక ఖాళీ చేశాం. పాత పేపర్లవాణ్ణి పిలిచి తూకానికి వేశాను. ఎవరో వేశారని చెప్పడానికి లేదు, ఫైలు తాడు విప్పి, అట్ట వేరుగా కాగితాలు వేరుగా పెట్టింది నేనే. అట్ట బాగుందని దాచుకున్నాను. కరెంటు బిల్లులు పెట్టుకోవడానికి. ఆ అట్ట ఇంకా ఉంది.

ఆ పిల్లకి ఏం చెప్పను? వెతుకుతానమ్మా అన్నాను.

అందుకని ఈ సభలో పెద్దవాళ్లను అడుగుతున్నాను. ఆ రోజుల్లో మా కాగితాలు బుక్ పోస్టులో గుంటూరు, తెనాలి, ఏలూరు కూడా వెళ్లేవి. మీ అటకల మీద, ట్రంకుపెట్టెల అడుగున వేసిన పాత కాగితాల్లో చూడండి. నోరు తెరిచిన సున్నాలు కనబడితే అదే. ఏ సంచికైనా సరే, చిరిగినా సరే. పదకొండోది అక్కర్లేదు.

పిల్లలూ, మీరు ఫోన్లో గ్రూపు పెట్టుకున్నామన్నారు, సంతోషం. ఫోను పోతే? నెలకోసారి ఒక్క కాగితం ప్రింటు తీసి లైబ్రరీలో ఇవ్వండి. లైబ్రేరియన్ గారు ఇక్కడే ఉన్నారు, తీసుకోనంటే ఇప్పుడే చెప్పమనండి. తల ఊపారు, అందరూ చూశారు.

మూడో వరసలో నోట్‌బుక్ పట్టుకున్న అమ్మాయి ఇందాకట్నుంచీ రాస్తోంది. నేను చెప్పింది రాయకపోయినా పర్లేదమ్మా. తల లెక్కపెట్టి ఎంతమంది వచ్చారో రాయి. తారీఖు వెయ్యి. మైకు ఆగిపోయిందని రాయి, ఎన్నిసార్లో కూడా. వెనకాల తలుపు దగ్గర ఇద్దరు ఏదో వాదించుకుంటున్నారు, వాళ్లెవరో, దేనిమీదో కనుక్కుని అది కూడా రాయి.

అధ్యక్షా, నా టైం అయిపోయిందని తెలుసు. నమస్కారం. ఇప్పుడు తెమ్మనండి ఆ శాలువా.