తుఫాను అలర్ట్ మీ ఫోన్‌కి ఎలా వస్తుంది? స్క్రీన్‌షాట్ ఎందుకు పంపకూడదు?

నమస్కారం. బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందంటే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక స్క్రీన్‌షాట్ తిరగడం మొదలవుతుంది. "రాబోయే మూడు గంటల్లో పిడుగులతో కూడిన వర్షం, చెట్ల కింద నిలబడకండి." ఏ జిల్లాకి? ఉండదు. ఏ రోజుది? అదీ ఉండదు. దాని కింద ఎప్పుడూ వచ్చే మూడు ప్రశ్నలు: "మాకు రాలేదేంటి?", "నంబర్ ఎక్కడ రిజిస్టర్ చేసుకోవాలి?", "గవర్నమెంట్‌కి మన నంబర్ ఎలా తెలిసింది?"

ఈ మూడింటికీ జవాబు ఒక్కటే. హెచ్చరిక వెళ్లేది ఒక ప్రాంతానికి. ఆ సమయానికి అక్కడ ఉన్నవాళ్లందరికీ అందుతుంది.

[స్క్రీన్ మీద: ఊరి కూడలిలో డప్పు కొడుతున్న మనిషి బొమ్మ]

ఊళ్లో చాటింపు తెలుసు కదా. కూడలిలో నిలబడి డప్పు కొట్టి విషయం చెప్పేస్తారు. ఏ ఇంట్లో ఎవరున్నారో, వాళ్ల పేర్లేంటో ఆయనకి అక్కర్లేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకీ వినిపిస్తుంది. ఆ ఊళ్లోనే పుట్టి ఈ రోజు పట్నం వెళ్లినవాళ్లకి వినిపించదు.

2023లో టెస్ట్ మెసేజ్ వచ్చి ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగాయి, గుర్తుందా? చాలామంది కంగారుపడ్డారు, ఫోన్ హ్యాక్ అయిందనుకున్నారు కూడా. అది సెల్ బ్రాడ్‌కాస్ట్. టవర్ ఒక్కసారి చాటుతుంది, దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి. మీ నంబర్ ఎవరూ తీసుకోలేదు, దాంతో పనే లేదు. చెన్నై నంబర్ పెట్టుకుని నెల్లూరులో ఉంటే మోగుతుంది. నెల్లూరు నంబర్‌తో బెంగళూరులో ఉంటే నెల్లూరు హెచ్చరిక రాదు.

హెచ్చరిక మామూలు ఎస్ఎంఎస్‌గా కూడా వస్తుంది, కానీ అది అలా కాదు. మ్యాప్ మీద ఒక ప్రాంతానికి గీత గీస్తారు. ఆ గీత లోపలి టవర్లకు కనెక్టయిన నంబర్లను టెలికాం కంపెనీ తీసుకుని ఒక్కొక్కదానికీ పంపుతుంది. చాటింపు వేసే మనిషే ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టి చెప్పినట్టు. లక్షల తలుపులు కొట్టాలి కాబట్టి ఆలస్యమవుతుంది. మీకు పదింటికి వచ్చిన మెసేజ్ పక్కింటావిడకి పదిన్నరకి రావడం అందుకే. అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తూ నెట్‌వర్క్ కిక్కిరిసినప్పుడు ఇది ఇంకా కష్టం. అప్పుడు కూడా సెల్ బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ వెళ్లిపోతుంది. నన్నడిగితే దీన్ని మించిన పద్ధతి లేదు.

ఒక పరిమితి మాత్రం ఉంది. డప్పు మోగాలంటే కూడలిలో మనిషి ఉండాలి, ఫోన్ మోగాలంటే టవర్ నిలబడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు పనిచేయలేదు. అందుకే ఇంట్లో ఒక బ్యాటరీ రేడియో ఉంచుకోమని గట్టిగా చెబుతాను. గాలి మొదలయ్యాక వచ్చే కబురు కోసం కాకుండా, ముందు రోజు వచ్చిన కబురుకే కదలండి.

మరి ఆ డప్పు ఎవరి చేతిలో ఉంది? జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ తయారుచేసిన వ్యవస్థ ఉంది, పేరు సచేత్. వానలు, తుఫాన్ల సంగతి వాతావరణ శాఖ ఇస్తుంది, నదుల సంగతి కేంద్ర జల సంఘం, సునామీ సంగతి ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార కేంద్రం. ఇన్‌కాయిస్ ఎక్కడుందో తెలుసా? హైదరాబాద్‌లో! సముద్రం లేని ఊరు, కానీ దేశం మొత్తానికి సునామీ హెచ్చరిక అక్కడి నుంచే వెళుతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ఇన్ని సంస్థలు తలో పద్ధతిలో రాస్తే గందరగోళం. అందుకని అంతర్జాతీయంగా ఒక ఫార్మాట్ పెట్టుకున్నారు: కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్. ప్రతి హెచ్చరికలోనూ ఇవి ఉంటాయి: ఎంత త్వరగా కదలాలి, ఎంత తీవ్రం, ఎంత ఖాయం, ఏ ప్రాంతం, ఎప్పటితో గడువు ముగుస్తుంది.

[స్క్రీన్ మీద: మ్యాప్, ఒక ప్రాంతం చుట్టూ గీత, పక్కన గడువు టైమ్]

చివరి రెండూ చూశారా? ప్రాంతం, గడువు. మనం స్క్రీన్‌షాట్ తీసి పంపేటప్పుడు తరచుగా రాలిపోయేవి సరిగ్గా ఇవే. పొరుగూరి చాటింపుని, అదీ పోయిన వారం చాటింపుని, మన కూడలిలో కొట్టినట్టవుతుంది. రెండుసార్లు అలా భయపెడితే మూడోసారి నిజమైనది వచ్చినా ఎవరూ లేవరు. నాకు నిజంగా కోపమొచ్చేది ఇక్కడే. పంపాలనిపిస్తే లింక్ పంపండి, లేదా ఊరి పేరూ టైమూ మీరే టైప్ చేసి పంపండి.

ఇంకొక పొరపాటు: వాన హెచ్చరిక, వరద హెచ్చరిక ఒకటే అనుకోవడం. భద్రాచలం వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అక్కడ చినుకు పడకపోయినా ఎగువన మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో కురిస్తే గోదావరి పెరుగుతుంది. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరులో విజయవాడ చూడండి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద, ఇంకోవైపు బుడమేరు వాగుకి గండ్లు. వాన తగ్గాక కూడా సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లు. ఆకాశం తేటపడిందని వరద కబురు వినడం మానేయకూడదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

వాతావరణ శాఖ హెచ్చరికల రంగులు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే కదలండి. ఎల్లో అని తీసిపారేయొద్దు. పిడుగు పడటానికి రెడ్ అక్కర్లేదు, పొలంలో ఉన్నవాళ్లు ఎల్లోకే ఇంటిదారి పట్టాలి.

"రెడ్ ఇచ్చారు, మా వీధిలో చుక్క పడలేదు." హెచ్చరిక జిల్లాకి ఇచ్చారు, మీ వీధికి కాదు. పక్క మండలంలో ఎంత పడిందో కనుక్కున్నాక విమర్శించండి.

పిడుగులకి దామిని యాప్ ఉంది, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లది. రైతుల ఫోన్లలో తప్పకుండా ఉండాలి.

విదేశాల్లో ఉన్న పిల్లలకి ఒక మాట. డల్లాస్‌లో ఉన్నవాళ్ల ఫోన్‌కి మచిలీపట్నం చాటింపు దానంతటది వినిపించదు. సచేత్ యాప్‌లో జిల్లా ఎంచుకునే వీలుంది, అమ్మానాన్నల జిల్లా పెట్టుకోండి.

చివరిది. ఇప్పుడే ఫోన్ సెట్టింగ్స్‌లో "వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్" అని వెతకండి. 2023లో ఆ మోతకి విసుగొచ్చి ఆఫ్ చేసి ఉంటారేమో. ఆన్ చేయండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు తీసుకుని వాటిలో కూడా చూడండి, మోగితే ఏం చేయాలో పక్కన కూర్చుని వాళ్లకి చెప్పండి.