బొండం నీళ్ళు, పియాజె, రెండోసారి అడిగిన ప్రశ్న

[టేబుల్ మీద ఒకే సైజు గాజు గ్లాసులు రెండు, సన్నగా పొడుగ్గా ఉన్న గాజు గ్లాసు ఒకటి, కొట్టిన బొండాలు రెండు]

నమస్తే అండి. టెట్, డీఎస్సీలకు చదివేవాళ్ళు, డీఎడ్, బీఎడ్ ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళబోయేవాళ్ళే ఎక్కువగా ఈ వీడియోలు చూస్తారు కాబట్టి పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన స్విస్ మనోవిజ్ఞాని పియాజె నాలుగు దశల పేర్లూ వయసులూ నేను చెప్పను. నిద్రలో లేపి అడిగినా మీరే అప్పజెప్పేస్తారు. నా గొడవంతా ఆ దశల, వయసుల పట్టికతోనే.

టెట్‌లో శిశు వికాసం, పెడగాజీకి 30 మార్కులు. ఆ 30 కోసం అమలాపురం నుంచి భీమవరం దాకా ప్రతి కోచింగ్ సెంటర్లోనూ ఆ పట్టికే బట్టీ పట్టిస్తారు. పట్టనివ్వండి, మార్కులు కావాలి కదా. తంటా ఆ తర్వాత వస్తుంది. అదే మనిషి ఉద్యోగం వచ్చి రెండో తరగతిలోకి వెళ్ళి, తీసివేత రాని పిల్లవాణ్ణి చూసి "వీడింకా పూర్వ ప్రచాలక దశలోనే, అంటే తర్కం ఇంకా రాని దశలోనే ఉన్నాడండి, ఇప్పుడు చెప్పినా ఎక్కదు" అంటారు. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లవాణ్ణి ఒక్క ప్రశ్న అడక్కుండా, పుట్టిన తేదీ చూసి తీర్పు చెప్పేశారు!

సరే, గ్లాసుల దగ్గరకి వద్దాం.

[రెండు గ్లాసుల్లో బొండం నీళ్ళు సమానంగా పోస్తూ]

మా వీధిలో అయిదేళ్ళ పాప ఒకతి ఉంది, మంచి మాటకారి. దాన్ని కూచోబెట్టి అడిగాను. "చూడమ్మా, రెండు గ్లాసుల్లోనూ సమానంగా ఉన్నాయా?" "ఆయ్, ఉన్నాయండి." దాని కళ్ళముందే ఒక గ్లాసులో నీళ్ళు ఇదిగో ఈ సన్న గ్లాసులోకి వంపాను. "ఇప్పుడు?" "దీంట్లో ఎక్కువండి." "ఎందుకని?" గ్లాసు మీద వేలు పెట్టి, "ఇక్కడిదాకా వచ్చేశాయి కదండీ" అంది.

పదిలపరచుకునే భావన (పాత్ర మారినా నీళ్ళు అంతే అన్న తెలివిడి) లేదు, ఏకమితి, అవిపర్యయం అని మీరు టకటకా అనేసుకుని ఉంటారు. కరెక్టే. ఎత్తు ఒక్కటే చూసింది, వెడల్పు వదిలేసింది. తిరిగి పాత గ్లాసులో పోస్తే ఎంతుంటాయన్నది దాని బుర్రలోకి రాలేదు. అక్కడిదాకా పుస్తకం ఒప్పు.

పుస్తకంలో సగం పంక్తితో సరిపెట్టేది ఆ "ఎందుకని?" అన్న ప్రశ్న. పియాజె బతుకంతా దాని మీదే నడిచింది. ఆయన చదువుకున్నది జీవశాస్త్రం, డాక్టరేట్ నత్తల మీద! 1920 ప్రాంతంలో పారిస్‌లో, తెలివి పరీక్షలకి ఆద్యుడు, అప్పటికే చనిపోయిన బినే పెట్టిన ప్రయోగశాలలో, పిల్లల తెలివి పరీక్షల్ని ప్రామాణీకరించే పని ఆయనకి అప్పగించారు. అంటే ఒప్పులు లెక్కపెట్టడం. ఆయనకి ఒప్పుల మీద మనసు నిలవలేదు. ఒక వయసు పిల్లలంతా ఒకే రకం తప్పు ఎందుకు చేస్తున్నారు అన్నదే పట్టుకుంది. అప్పటినుంచి పిల్లల్ని కూచోబెట్టి, ఒక జవాబు చెప్తే "అలా ఎందుకనుకున్నావు?" అని వెంటపడి అడగడమే ఆయన పద్ధతి అయింది. అలాంటాయన పేరు చెప్పి మనం ఏ ప్రశ్నా వెయ్యకుండా దశలు అంటగడుతున్నాం. ఆయన వింటే ఏమనేవాడో!

సమానమే అని చెప్పే పిల్లల్ని కూడా అడగాలి, అసలు రుచి అక్కడుంది. ఒకడు "మీరేం కలపలేదు, ఏం తియ్యలేదు కదండీ" అంటాడు. ఇంకోడు "మళ్ళీ అందులో పోసేస్తే అంతే వస్తాయండి" అంటాడు. మూడోవాడు "ఇది పొడుగే కానీ సన్నం కదండీ" అంటాడు. మూడూ ఒప్పే, కానీ మూడు వేరువేరు ఆలోచనలు. మొదటివాడు వస్తువు మారలేదన్నాడు, రెండోవాడు పనిని వెనక్కి తిప్పి చూశాడు, మూడోవాడు ఎత్తుకి వెడల్పుతో సరి కట్టాడు. రేపు కూడికకీ తీసివేతకీ ఉన్న సంబంధం చెప్పాలంటే ఆ రెండోవాడి మాట నుంచి మొదలుపెట్టచ్చు. నేర్పాల్సిన పాఠం వాడే చేతికిచ్చాడు మరి.

ఇక్కడో చిక్కుంది. పాపని నేను ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాను, గమనించారా? పొయ్యకముందు ఒకసారి, పోశాక ఒకసారి. మన బళ్ళలో మేస్టారు అదే ప్రశ్న మళ్ళీ అడిగితే అర్థమేంటి? మొదటి జవాబు తప్పు, మార్చు అని. "ఏడెనిమిదులెంత?" "యాభై ఆరండి." "ఎంతా?" అనగానే "యాభై... నాలుగండి" అనేస్తాడు పాపం. 1974లో సుసాన్ రోజ్, మేరియన్ బ్లాంక్ ఇదే అనుమానంతో మొదటి ప్రశ్న తీసేసి, మార్పు అయ్యాక ఒక్కసారే అడిగారు. ఆరేళ్ళ పిల్లల్లో తప్పులు తగ్గాయి. అదే వయసు పిల్లలు, అదే పని, అడిగే తీరు మాత్రం వేరు.

ఇంకోటి నాకు భలే ఇష్టం. 1979లో ఇంగ్లండ్‌లో పాల్ లైట్, ఆయన సహచరులు ఏం చేశారంటే, పోసే ముందు "అయ్యో, ఈ పాత్ర అంచు విరిగింది, చెయ్యి కోసుకుంటుంది, వేరే దాంట్లో పోద్దాం" అన్నారు. అంతే! సమానమే అని చెప్పినవాళ్ళు బాగా పెరిగారు. ఎందుకంటే, పెద్దాయన పనిగట్టుకుని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోశాడంటే అందులో ఏదో విశేషం ఉండే ఉంటుందని పిల్ల అనుకుంటుంది. గ్లాసు విరిగింది కాబట్టి పోశాడంటే మామూలు ఇంటి పనే. మీరు చేసి చూడండి, బొండం నీళ్ళతోనే. కానీ నిజంగా విరిగిన గ్లాసు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, దణ్ణం పెడతాను.

అల్లరి టెడ్డీ కథ మీకు తెలిసే ఉంటుంది. మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ రెండు వరుసల వస్తువులు పెట్టి, ఒక వరుసని మనిషి కాకుండా టెడ్డీబేర్ వచ్చి చెదరగొట్టినట్టు చేశారు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో సగానికి పైగా "రెండూ సమానమే" అన్నారు. మనిషే జరిపినప్పుడు అలా అన్నవాళ్ళు అంతకంటే బాగా తక్కువ. దీనిమీదా తగువులున్నాయి లెండి. టెడ్డీ అల్లరి చూస్తూ పిల్లలు వరుసనే పట్టించుకోలేదేమో అని కొందరు అడ్డం తిరిగారు. ఆ అనుమానంలో పస ఉంది. అందుకే పియాజె తప్పు అని నేను అనను. నాలుగేళ్ళవాడికీ తొమ్మిదేళ్ళవాడికీ ఆలోచనలో తేడా ఉంది, అది కళ్ళకి కనిపిస్తుంది. ఆ తేడా ఏ రోజు, ఏ పనిలో, ఎవరు అడిగితే బయటపడుతుందన్నది పట్టికలో దొరకదు.

మరి వయసులు దేనికి అంటారా? గోదావరికి వరద జూలై, ఆగస్టుల్లో వస్తుందని మనకందరికీ తెలుసు. ఆ తెలివిడి పనికొస్తుంది, గట్లు ముందే చూసుకుంటాం. కానీ ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఎగరేస్తారు, క్యాలెండర్‌లో ఆగస్టు వచ్చిందని ఎగరెయ్యరు. 7 ఏళ్ళు, 11 ఏళ్ళు అన్నవి నెలల్లాంటివి. మట్టం ఎంతుందో పిల్లవాడి దగ్గరికెళ్ళి చూడాల్సిందే.

పైగా మట్టం అన్నిచోట్లా ఒకేసారి పెరగదు. బొండం నీళ్ళు సమానమే అని చెప్పిన ఏడేళ్ళవాణ్ణి తీసుకోండి. వాడికి రెండు సమానమైన మట్టి ముద్దలిచ్చి, ఒకదాన్ని పాములా సాగదీసి "ఏది బరువు?" అనండి. తడబడతాడు. బరువు విషయం దాదాపు తొమ్మిదేళ్ళకి, నీళ్ళలో ముంచితే ఎంత చోటు ఆక్రమిస్తుందన్నది పదకొండు, పన్నెండుకి తెలుస్తుంది. ఇది పియాజె స్వయంగా గమనించి, డెకలేజ్ అని పేరు పెట్టిన విషయమే. అంటే ఒకే పిల్లవాడు ఉదయం నీళ్ళ దగ్గర మూర్త ప్రచాలకుడు (కళ్ళముందున్న వస్తువుల మీద తర్కం వచ్చినవాడు), మధ్యాహ్నం మట్టి దగ్గర పూర్వ ప్రచాలకుడు! ఇప్పుడు చెప్పండి, రిజిస్టర్‌లో వాడి పేరు పక్కన ఏ దశ రాస్తారు?

అనుభవం సంగతి కూడా చెప్పాలి. 1969లో ప్రైస్-విలియమ్స్, గోర్డన్, రమిరెజ్ మెక్సికోలో కుండలు చేసేవాళ్ళ పిల్లల్ని మట్టి ముద్దతో పరీక్షించారు. అదే ఈడు మిగతా పిల్లలకంటే వాళ్ళు మెరుగ్గా చెప్పారు. రోజూ మట్టి పిసికే చేతులు మరి. దీన్ని మన ఊళ్ళకి తెచ్చుకుంటే నాకొకటి అనిపిస్తుంది. పొద్దున్నే అమ్మ వెనకాల పాల క్యాను పట్టుకుని తిరిగే పిల్లని చూడండి. పావు లీటరు కొలతతో ఒక ఇంట్లో చెంబులో, ఇంకో ఇంట్లో వెడల్పు గిన్నెలో, ఇంకోచోట టీ ఫ్లాస్కులో పోస్తారు. ఎందులో పోసినా పావు పావే, డబ్బులు అవే. ఆ పిల్లని ఈ గ్లాసులతో అడిగితే జవాబు వేరేగా రావచ్చు. నేను ఇంకా అడగలేదు, మీ ఇంటర్న్‌షిప్ ఊళ్ళో అలాంటి పిల్ల ఉంటే అడగండి. చదువులో వెనకబడిందని అందరూ అనే పిల్లే అయ్యుండచ్చు.

అమ్మో, టైమ్ అయిపోతోంది. హైస్కూలుకి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు కదా, గబగబా చెప్పేస్తాను.

రష్యన్ మనోవిజ్ఞాని వైగాట్‌స్కీ, ఆయన చెప్పిన జెడ్‌పీడీ (జోన్ ఆఫ్ ప్రాక్సిమల్ డెవలప్‌మెంట్). ఒంటరిగా చెయ్యలేనిది తోడుంటే చెయ్యగలగడం, నిర్వచనం మీకు వచ్చు. గ్లాసుల దగ్గర ఎలా అంటే, పాప "దీంట్లో ఎక్కువ" అన్నాక "తప్పు" అనకుండా "మళ్ళీ పాత గ్లాసులో పోస్తే ఎక్కడిదాకా వస్తాయో వేలు పెట్టి చూపించు" అనండి. వేలు సరిగ్గా పాత గీత దగ్గర పెట్టిందంటే దారిలోనే ఉంది, ఇంకొక్క ప్రశ్న చాలు. ఎక్కడో పెట్టిందంటే వారం రోజులు గిన్నెలు, గ్లాసులతో ఆడుకోనివ్వండి. ఇలా అవసరమైనంత మేరకే ఆసరా ఇవ్వడాన్ని స్కఫోల్డింగ్ అంటారు, అంటే చేసి పెట్టడం కాదు. ఆ మాట వైగాట్‌స్కీది కూడా కాదు, 1976లో వుడ్, బ్రూనర్, రాస్ వాడింది. బిట్ వస్తే జాగ్రత్త.

తొమ్మిదో తరగతి. ఏ బొండంలో నీళ్ళెక్కువ? సైజు పెద్దదైతేనా, లేతదైతేనా, గంగబొండం రకమైతేనా? నాలుగో తరగతివాడు నాలుగు కాయలు కొట్టి "పెద్దదాంట్లోనేనండి" అంటాడు. తొమ్మిదో తరగతివాడు "ఒకే రకం, ఒకే లేత, సైజు మాత్రం వేరుగా ఉన్నవి తెండి" అనగలిగితే అదే అమూర్త ప్రచాలకం. లోలకం ఊగే వేగం దేన్నిబట్టి మారుతుందో కనిపెట్టమని పియాజె, ఆయన సహచరి ఇన్‌హెల్డర్ పిల్లలతో చేయించింది ఇదే. అందరూ అనరు. తాము బాగా ఎరిగిన రంగంలోనే అలా ఆలోచించేవాళ్ళు ఉంటారని 1972లో పియాజె కూడా ఒప్పుకున్నాడు. కాబట్టి భౌతికశాస్త్రంలో దిక్కులు చూసేవాడు రొయ్యల చెరువు దగ్గర మేత, ఏరేటర్, నీటి ఉప్పదనం విడివిడిగా లెక్కగట్టి మాట్లాడితే ఆశ్చర్యపోకండి.

అవే నీళ్ళు ఆ తొమ్మిదోవాడి చొక్కా మీద ఒలికాయనుకోండి. పీరియడంతా చెయ్యి అడ్డం పెట్టుకుని కూచుంటాడు, బోర్డు దగ్గరకి రమ్మంటే రాడు. బడంతా తననే చూస్తోందని వాడి లెక్క. 1967లో డేవిడ్ ఎల్‌కైండ్ దీన్నే ఊహాత్మక ప్రేక్షకులు అన్నాడు. మీరు దాన్ని పొగరు అనుకుని బెంచీ ఎక్కించారంటే, లేని ప్రేక్షకుల్ని మీరే పోగుచేసి పెట్టినట్టు.

కాలువ గట్టు మీద ముగ్గురు ఒక బండి ఎక్కి దూసుకెళ్ళడం సంగతి. ప్రమాదం తెలియక కాదండి, అడిగితే చక్కగా చెప్తారు. 2005లో గార్డ్‌నర్, స్టెయిన్‌బర్గ్ కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడించి చూశారు. ఒంటరిగా ఉన్నప్పటికంటే స్నేహితులు పక్కనుంటే కుర్రాళ్ళు ఎక్కువ తెగించారు, పెద్దవాళ్ళలో ఆ తేడా రాలేదు. కాబట్టి హెల్మెట్ ఉపన్యాసం ఒక్కొక్కణ్ణి పిలిచి ఇచ్చి లాభం లేదు, ఆ గుంపు మొత్తంతో మాట్లాడాలి.

ఎరిక్‌సన్, మార్షియా, కోల్‌బర్గ్ ముగ్గురూ వచ్చే వీడియోలో. పదో తరగతి అవ్వకుండానే ఎంపీసీ అని ఇంట్లో నిర్ణయించేసే సంగతి, కుర్రాళ్ళు తమ గుర్తింపుని ఎలా వెతుక్కుంటారో చెప్పిన మార్షియా దగ్గర గట్టిగా మాట్లాడుకోవాలి, రెండు నిమిషాల్లో తేలేది కాదది.

ఈ లోపు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్ళకి ఒక పని. కేస్ స్టడీ రికార్డులో మొదటి కాలమ్‌లో మీరు అడిగిన ప్రశ్న మక్కీకి మక్కీ రాయండి, ఎన్నిసార్లు అడిగారో కూడా. రెండో కాలమ్‌లో పిల్లవాడి జవాబు వాడి మాటల్లోనే, మీ గ్రాంథికంలోకి మార్చకుండా. మూడోదాంట్లో "ఎందుకని?" అంటే వాడు చెప్పిన కారణం. దశ పేరు చివరి కాలమ్‌లో, పెన్సిల్‌తో రాయండి. లెక్చరర్ గారు ఇంకుతో ఎందుకు రాయలేదని అడిగితే డెకలేజ్ అని చెప్పండి.