బంగారు రేణువులు కణితిని నిజంగా వెతుక్కుంటూ వెళ్తాయా?

అందరికీ నమస్కారం. "బంగారు నానో రేణువులు క్యాన్సర్‌ను వెతికి పట్టుకుంటాయి" లాంటి హెడ్‌లైన్లు మీరూ చూసే ఉంటారు. పట్టుకోవడం వరకు సరే. ఆ "వెతకడం" దగ్గరే నాకు పేచీ.

ముందు ఆ రేణువును కాస్త దగ్గర్నుంచి చూద్దాం. మధ్యలో కొన్ని నానోమీటర్ల బంగారం. దాని చుట్టూ పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు. గొలుసు ఒక కొసన సిస్టీన్ పెడితే, అందులోని గంధకం బంగారాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. రెండో కొస రక్తం వైపు తిరిగి ఉంటుంది. అక్కడ బాగా వాడేది ఆర్‌జీడీ: అర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. మూడంటే మూడే! కణితి పెరగడానికి కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది కదా, వాటి గోడల మీద ఒక రకం ఇంటెగ్రిన్ ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది. ఆర్‌జీడీ దానికి అతుక్కుంటుంది.

ఇక బంగారమే ఎందుకంటే, దాని పరమాణు సంఖ్య 79. సీటీ స్కాన్‌లో మామూలుగా ఎక్కించే అయోడిన్‌ది 53. బరువైన మూలకం ఎక్స్‌రేలను ఎక్కువగా ఆపుతుంది, ఆ చోటు తెల్లగా కనిపిస్తుంది. కాకపోతే సీటీకి లోహం చాలా మోతాదులో చేరాలి.

చిక్కంతా అక్కడే. పెప్టైడ్‌కి స్టీరింగ్ ఏమీ ఉండదు. రక్తం ఎటు తోస్తే రేణువు అటే పోతుంది, దారిలో ఇంటెగ్రిన్ తగిలితే ఆగుతుంది. ఈలోపు రక్తంలోని ప్రోటీన్లు దాని మీద పేరుకుని పెప్టైడ్‌నే కప్పేస్తాయి. కాలేయం, ప్లీహం మింగేస్తాయి. పోనీ సైజు తగ్గిద్దామంటే, సుమారు 5.5 నానోమీటర్ల లోపువి మూత్రంలో వెళ్లిపోతాయి. అంతకు ముందు పదేళ్ల ప్రయోగాలను కలిపి 2016లో లెక్కగడితే, ఎక్కించిన మోతాదులో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. అదీ జంతువుల్లో.

అయితే బొమ్మ తీయడానికి అంత తక్కువైనా ఒక్కోసారి సరిపోతుంది, చుట్టుపక్కల కణజాలంలో ఇంకా తక్కువ ఉంటే చాలు. మందు మోయించాలంటే మాత్రం కష్టం.

అన్నట్టు, కాలేయం చేసే ఈ మింగుడు పనికొచ్చిన సందర్భమూ ఉంది. ఐరన్ ఆక్సైడ్ రేణువులను ఆరోగ్యంగా ఉన్న కాలేయం మింగి ఎంఆర్ఐలో నల్లబడుతుంది. కణితిలో ఆ మింగే కణాలు పెద్దగా ఉండవు కాబట్టి అది తెల్లగా బయటపడుతుంది. 1996లోనే అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది, ఏ పెప్టైడూ లేకుండానే.