బోర్డు మీద పేరు, జనం నోట్లో పేరు

శ్రోతలకు నమస్కారం. ఈరోజు మాట రోడ్లకూ పార్కులకూ ఉన్న పేర్లు మార్చి నాయకుల పేర్లు పెట్టడం గురించి. విశాఖ సీతకొండ మీది అబ్దుల్ కలాం వ్యూ పాయింట్ కొన్నాళ్లు వైఎస్సార్ వ్యూ పాయింట్ అయింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కలాం పేరే వచ్చింది. విగ్రహాలు వదిలి పేర్ల మీద ఈ గొడవ ఎందుకంటే, రోడ్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే రాష్ట్రాలను ఆదేశించింది. పేరుకు ఆ అడ్డు లేదు. నగరపాలక సంస్థ కౌన్సిల్లో మెజారిటీ ఉంటే ఒక తీర్మానం, ఒక బోర్డు చాలు.

పేరు నిలవాలంటే మాత్రం జనం పలకాలి. వాల్తేరు స్టేషన్ 1987లో విశాఖపట్నం స్టేషన్ అయింది. రైల్వే డివిజన్ మాత్రం, 2025లో కేంద్ర మంత్రివర్గం పేరు మార్చేదాకా వాల్తేరుగానే నడిచింది. కింగ్ జార్జి పోయి ఎన్నాళ్లయినా ఆయన పేరున్న ఆసుపత్రి, కేజీహెచ్, కేజీహెచ్చే. జగదాంబ జంక్షన్‌కు ఆ పేరు సినిమా హాలు వల్ల వచ్చింది, ఏ నాయకుడి వల్లా కాదు.

ఇక వీధి పేరు మారితే మన కాగితాల సంగతి. మన డోర్ నంబర్లో గీతల మధ్య ఉండేవి వార్డు, బ్లాకు, ఇల్లు. వీధి పేరుతో దానికి పని లేదు. ఇంటిపన్నుకు అసెస్‌మెంట్ నంబరు, కరెంటు బిల్లుకు సర్వీసు నంబరు ఉన్నాయి కాబట్టి అక్కడా ఇబ్బంది రాదు.

చిక్కంతా దస్తావేజుల్లోనే. పాత కాగితంలో "తూర్పు: ఫలానా రోడ్డు" అని హద్దు ఉంటుంది. అమ్మేటప్పుడు కొత్త పేరొక్కటే రాయిస్తే, లింకు డాక్యుమెంటుతో, అంటే ఆ పాత దస్తావేజుతో, హద్దు కలవలేదని బ్యాంకు లాయరు లోను ఆపేయవచ్చు. అందుకని కొత్త పేరు పక్కనే "పూర్వం ఫలానా రోడ్డు" అనీ, తీర్మానం నంబరూ తేదీ కూడా రాయించండి. సర్వే నంబరు, డోర్ నంబరు వదలొద్దు. వ్యాపారులైతే జీఎస్టీ రిజిస్ట్రేషన్లో చిరునామా మార్పు 15 రోజుల్లో నమోదు చేయించుకోవాలి.

బెర్లిన్‌లో పాత పేరు మీద ఎర్రగీత కొట్టి, కొత్త బోర్డుతో పాటే నెలల తరబడి ఉంచుతారు. కొరియర్ కుర్రాడూ అంబులెన్సూ దారి తప్పకుండా ఉండాలంటే మన నగరపాలక సంస్థ కూడా ఆ పని చెయ్యాలి.

అభిమాన నాయకుడి పేరు పెట్టడం తప్పని నేననను. అక్కయ్యపాలెంలో 80 అడుగుల రోడ్డు వెడల్పు పేరుతోనే బతుకుతోంది. మధురవాడ వైపు కొత్త లేఅవుట్లలో వీధులు పుడుతూనే ఉన్నాయి. పేర్లు అలాంటి చోట పెట్టాలి. ఉన్న పేరు చెరిపే ప్రతిపాదన మీ వీధికి వస్తే, తీర్మానానికి ముందే దాన్ని జోనల్ కార్యాలయంలో నోటీసుగా అంటించి, అభ్యంతరాలకు నెల రోజులు గడువివ్వమని మీ కార్పొరేటర్‌ని రాతపూర్వకంగా అడగండి. అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.