వానాకాలం పిల్లలకు కాగితం బొమ్మలు: ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. బయట వాన, బళ్ళకు సెలవు, ఇంట్లో మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా ఉన్న పిల్లలు. అందుకే ఈ రోజు కాగితం మడతల బొమ్మలు, అంటే ఓరిగామి గురించి మాట్లాడుకుందాం. పసిపిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ కోవూరు నుంచి. చెప్పండమ్మా.

కోవూరు శ్రోత: మేడమ్, మా పాపకు మూడున్నరేళ్ళు. స్కూల్లో ఆటమ్ క్రాఫ్ట్, అంటే ఆకులు రాలే కాలం బొమ్మ అని మేపుల్ ఆకు మడిచి తెమ్మన్నారు. వీడియో చూస్తే నాకే రాలేదు. పాప కాసేపు చూసి కాగితం నలిపేసి పోయింది. సోమవారం ఇవ్వాలి, ఒకటే టెన్షన్.

టీచర్: టెన్షన్ పడాల్సింది మీరు కాదులేమ్మా, ఆ పని ఇచ్చినవాళ్ళు. ఆ వయసుకు ఒక మడత, మహా అయితే రెండు. జపాన్‌లో ఈ కాలంలో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి కాబట్టి అక్కడి పిల్లలు ఆ ఆకు, చెస్ట్‌నట్ కాయ, పర్సిమన్ పండు మడుస్తారు. వాళ్ళకవి కళ్ళెదుట ఉండేవే. మనకు ఆశ్వయుజం, కార్తీకం అంటే వానలు, దీపాలు. ఆకులు రాలేది శిశిరంలో కదా. మీ పాప మేపుల్ చెట్టు ఎక్కడ చూసింది పాపం!

కోవూరు శ్రోత: మరేం చేయించమంటారు?

టీచర్: ప్రమిద. చదరపు కాగితాన్ని మూలకు మూల కలిపి మడిస్తే త్రికోణం వస్తుంది. పొడుగు అంచు పైకి, మొన కిందికి ఉండేలా పెట్టి, ఆ మొనను వెనక్కి మడవండి. అడుగు చదునై ప్రమిద అవుతుంది. పసుపు ముక్క ఒకటి వెనక నుంచి అంటిస్తే వెలుగుతున్నట్టుంటుంది. మీరు కాగితం కదలకుండా పట్టుకోండి. మూలలు కలపడం, వేలితో గీత నొక్కడం పాప పని. మూలలు కలవకపోయినా మీరు మళ్ళీ విప్పి సరిచేయొద్దు. అది చేశారంటే రెండో కాగితం ముట్టుకోదు.

కోవూరు శ్రోత: స్కూల్లో ఆకే కావాలంటే?

టీచర్: అదే త్రికోణాన్ని పొడుగు అంచు వైపు నుంచి మొన దాకా విసనకర్రలా ముందుకొకటి వెనక్కొకటి సన్నగా మడుచుకుంటూ పోండి. పొడుగు అంచు సగాలు రెండూ ఎదురెదురుగా వచ్చేలా మధ్యకు వంచి, ఆ రెంటినీ జిగురుతో అంటించండి. ఈనెలున్న ఆకు విచ్చుకుంటుంది. మడతలు మీవి, రంగు, జిగురు పాపవి. వెనక "మడతలు అమ్మ పెట్టింది" అని రాసి పంపండి, వాళ్ళకూ తెలియాలి.

యాంకర్: సింగరాయకొండ దగ్గర్నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్ గారు.

అంగన్‌వాడీ టీచర్: నమస్తే మేడమ్. ఇరవై మంది పిల్లలు, రంగు కాగితాలు కొనలేం. చార్టులున్నాయి గానీ మడిస్తే పగులుతున్నాయి.

టీచర్: చార్టు వద్దు, మందం ఎక్కువ, పిల్లల వేళ్ళకు లొంగదు. తోరణాలు కట్టే ముడతల కాగితం మీద గీత నిలవదు. ఒకవైపు రాసేసిన జిరాక్స్ కాగితాలు అడిగి తెచ్చుకోండి. షాపులో దొరికే ఓరిగామి కాగితం మామూలుగా 15 సెంటీమీటర్లు, చిన్న చేతులకు అది ఇరుకు. ఏ4 నుంచి 21 సెంటీమీటర్ల చదరం వస్తుంది. కత్తెర కూడా అక్కర్లేదు. పైనున్న పొట్టి అంచును పక్కనున్న పొడుగు అంచు మీదికి మడిస్తే కింద పట్టీ మిగులుతుంది. అక్కడ గీత నొక్కి స్కేలు పెట్టి చించేయడమే. పట్టీలు దాచండి, దీపం వెలుగుకు పనికొస్తాయి.

అంగన్‌వాడీ టీచర్: వానలకు కాగితం మెత్తబడిపోతోంది మేడమ్.

టీచర్: తేమ పీలుస్తుంది మరి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి డబ్బాలో పెట్టండి. ఐదేసి మందిని కూర్చోబెట్టుకోండి, ఇరవై మందితో ఒకేసారి మాత్రం వద్దు. పెద్దపిల్లలకు గూడబాతు చెప్పండి. అక్టోబరు నుంచి నేలపట్టు పక్షుల కేంద్రానికి వస్తాయి కదా. చదరానికి మూల నుంచి మూలకు మడత గీత వేసి విప్పి, పక్క అంచులు రెండూ ఆ గీతకు చేరిస్తే గాలిపటం ఆకారం వస్తుంది. సన్నటి మొనను వెడల్పు వైపుకు మడిస్తే మెడ, దాని చివర కాస్త వెనక్కి మడిస్తే ముక్కు. మొత్తాన్ని మధ్య గీత మీద రెండుగా మడిచి మెడ పైకి లాగండి. ఆ లాగడం దగ్గర సాయం కావాలి.

కావలి శ్రోత: మా బాబుకు ఐదు నిండాయి, ఒక్క మడతా రావట్లేదు. ఏమైనా లోపమా?

టీచర్: కాగితం ఒక్కటే రాకపోతే ఆగండి, వస్తుంది. చెంచా పట్టడం, బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టంగా ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఒంగోలు తాతగారు: అమ్మా, ఈ జపాన్ విద్యలు మనకెందుకు? మేం కత్తి పడవలు చేసుకోలేదా? మనవడికి ఐదేళ్ళు, నేర్పుదామంటే సగంలో చేతులెత్తేస్తున్నాడు.

టీచర్: కత్తి పడవా ఓరిగామే తాతగారూ. పసిపిల్లల బడిలో కాగితం మడతలకు చోటిచ్చింది జర్మనీ ఆయన ఫ్రోబెల్. కిండర్‌గార్టెన్ అనే పేరు 1840లో ఆయన పెట్టిందే. ఆ పద్ధతి బడి 1876లో టోక్యోలో వచ్చింది. మద్రాసులో సుందరరావు గారు ఆ మడతలతోనే జ్యామితి చెప్పొచ్చని 1893లో పుస్తకం వేశారు. సరే, మనవడు టోపీ దాకా వస్తున్నాడా?

ఒంగోలు తాతగారు: టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు కూడా. దాన్ని విప్పి చదరం చేసే దగ్గరే.

టీచర్: అందరూ ఆగేది అక్కడే. ఆ ఒక్క మెట్టూ మీరు చేయండి. చివర్లో రెండు కొసలూ పట్టి లాగితే పడవ విచ్చుకునేది మాత్రం వాడికివ్వండి. ముందు మామూలు పడవ, కత్తి పడవకు ఇంకో రెండేళ్ళు ఆగండి. చదరం కాదు, పొడుగు కాగితం తీసుకోండి. అడుగున మైనపు క్రేయాన్ గట్టిగా రుద్దితే త్వరగా నానదు.

ఒంగోలు తాతగారు: వీధి కాలువ పారుతోంది, అందులో వదలమంటావా?

టీచర్: వద్దు తాతగారూ, ఈ వానల్లో కాలువ దగ్గరికి పంపకండి. టబ్బులో నీళ్ళు పోసివ్వండి, ఊదుకుంటూ నడుపుతాడు.

ఒంగోలు తాతగారు: సరే, పాత క్యాలెండర్ చించుతా.

టీచర్: నున్నటి క్యాలెండర్ మడతల దగ్గర పగులుతుంది. నోటు పుస్తకం మధ్య పేజీ చాలు.