ఐసీయూ గుమ్మంలో అడిగే ప్రశ్న

సభాధ్యక్షులకు, పెద్దలకు, గుంటూరు వైద్య విద్యార్థులకు నమస్కారం.

ఇక్కడి కొత్తపేటలోనైనా, బెజవాడ సూర్యారావుపేటలోనైనా ఐసీయూ గుమ్మంలో తరచు వినబడే మాట ఒకటుంది: “ఇక మీ ఇష్టం, మీరే చెప్పండి.” వెంటిలేటర్ మీద ఉన్న తండ్రి గురించి డాక్టరు కొడుకుతో అనే మాట అది. ఊపిరి ఆగితే ప్రాణం పోయినట్టేనని అనుకున్న కాలంలో ఎవరినీ ఇలా అడగవలసిన పని లేదు. వారాల తరబడి గాలి ఆడించే యంత్రం వచ్చాక, ఎప్పటివరకు అన్నది మనుషులు తేల్చుకోవలసి వచ్చింది.

ఆ కొడుకు ఏమని చెప్పగలడు? ఆపమంటే నలుగురూ ఏమంటారోనన్న భయం, కొనసాగించమంటే మిర్చి పంట మీద తెచ్చిన అప్పు. చివరికి, వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకువెళుతున్నామని సంతకం పెట్టి, అంబులెన్సులో ఊపిరి అందించే అంబూ బ్యాగును చేత్తో నొక్కుతూ తెనాలికో సత్తెనపల్లికో ప్రయాణం కట్టే కుటుంబాలను నేను ఎన్నో చూశాను. డబ్బు నిండుకున్న రోజే చికిత్స ఆగే రోజు అవుతున్నదంటే, నా దృష్టిలో ఆ దోషం కుటుంబానిది కానే కాదు, ఆ భారాన్ని వారి నెత్తిన వదిలేసిన మన వృత్తిది.

చట్టం దారి చూపకపోలేదు. కోలుకునే ఆశ లేని స్థితిలో గౌరవంగా మరణించడం రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కిందికే వస్తుందని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పి, తాను మాట్లాడలేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో మనిషి ముందే రాసిపెట్టే పత్రాన్ని, అంటే లివింగ్ విల్‌ను గుర్తించింది. దానికి మేజిస్ట్రేటు సంతకం కూడా కావాలన్న షరతు ఆచరణలో కష్టమైంది గనుక, 2023 జనవరిలో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువీకరింపజేస్తే చాలునన్నది. ముందుగా రాసిపెట్టకపోయినా, రెండు వైద్య మండళ్ళు, అంటే వైద్యుల బృందాలు, పరిశీలించి, కుటుంబ సమ్మతితో యంత్రాన్ని తొలగించవచ్చు. ప్రాణం తీసే ఇంజెక్షనుకు ఇది అనుమతి కాదు. నొప్పి తగ్గించే వైద్యం చివరిదాకా సాగవలసిందే.

పొలం ఎవరికెంతో రాయించే పెద్దలే చివరి రోజుల వైద్యం మాట ఎత్తితే “అపశకునం మాటలెందుకు” అంటారు. అందుకే ఏళ్ళుగా కిడ్నీ జబ్బుతో మన ఓపీకి వస్తున్న పెద్దాయనను, కొడుకు పక్కన ఉండగానే, “అయ్యా, మీరు మాట్లాడలేని స్థితి వస్తే మమ్మల్ని ఏం చేయమంటారు?” అని మనమే అడగాలి, ఆయన చెప్పినది ఆ రోజే కేసు షీటులో రాయాలి.

మా నాన్నగారిని నేను అడగలేదు. ఆయన ఐసీయూలో చేరిన పదకొండో రోజున ఒక యువ వైద్యుడు “మీ ఇష్టం” అన్నప్పుడు నేను చెప్పిన జవాబు నాన్నగారి మాటో, నా మాటో నాకు ఇప్పటికీ తెలియదు.