జీపుని పికప్ చేయాలంటే తొట్టి కాదు, ఇరుసు చూడండి

(షెడ్డులో జీపు పక్కన, చేతిలో టేపు)

"అన్నా, పొట్టి జీపుకి వెనక రెండడుగులు పెంచి తొట్టి కట్టేస్తే పికప్ అయిపోద్ది కదా?" అని వారానికి ఒకరైనా అడుగుతున్నారు. అవ్వదు బాబూ. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఈ వీడియో చేస్తున్నా.

ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. గడ్డి మోపులు వెనక్కి ఎక్కువ పేరిస్తే కాడి పైకి లేస్తుంది, మెడతాళ్లు ఎద్దుల గొంతుకి బిగుస్తాయి. ఇరుసు దాటి వెనక వేసిన ప్రతి మోపూ కాడిని లేపేదే. జీపుకి కాడి అంటే ముందు చక్రాలు.

(టేపు పరుస్తూ) ఈ పాత జీపులో ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 80 అంగుళాలు. మన పలాసలో జీడిపిక్కల బస్తా 80 కిలోలు. ఐదు వేశాం, 400 కిలోలు. తోక పెంచి కట్టిన తొట్టిలో ఆ బరువు సగటున ఇరుసుకి 20 అంగుళాలు వెనక పడిందనుకోండి. 400 ఇంటూ 20, బై 80. వంద! ముందు చక్రాల మీద 100 కిలోలు తగ్గాయి, వెనక ఇరుసు మీద 500 పడ్డాయి. ఇలాగే సీతంపేట ఘాట్ ఎక్కితే స్టీరింగ్ మీరు తిప్పుతారు గానీ బండి తిరగదు. కాడి లేచింది మరి.

ఇప్పుడు తొట్టి అక్కడే ఉంచి, చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప ఫ్రేము, సాగదీసి ఇరుసుని 20 అంగుళాలు వెనక్కి జరపండి. అవే బస్తాలు సరిగ్గా ఇరుసు నెత్తిన కూర్చుంటాయి. కాడి కదలదు. 1981లో జీప్ కంపెనీ సీజే-7 అనే మోడల్ నుంచి సీజే-8 స్క్రాంబ్లర్ పికప్ తీసినప్పుడు ఇరుసుల మధ్య దూరమే పది అంగుళాలు పెంచింది, ఊరికే తోక పెంచలేదు. నష్టమూ ఉంది. కొబ్బరి తోటలో ఒక్కసారికి తిరిగే బండి రివర్స్ కొట్టాల్సి వస్తుంది, గట్టు దాటితే పొట్ట గీసుకుంటుంది. నాకైతే కాడి లేవడం కంటే అది నయం.

టైమైపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. చాసిస్‌ని నిలువుగా ఒకే గీత మీద కోసి అతికించొద్దు, అక్కడే విరుగుతుంది. మెట్టులా కోసి, లోపల పట్టీ వేయించండి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైరు తీసేయండి. గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకి తిప్పుడు అందించే రాడ్డు, ప్రొపెల్లర్ షాఫ్ట్, పొడుగైతే స్పీడులో ఊగుతుంది, రెండు ముక్కలు చేసి మధ్యలో బేరింగ్ పెట్టించాలి. బ్రేకు పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబులు కొత్తవి. కమాన్ పట్టీలు రెండు ఎక్కువ వేసినంత మాత్రాన టన్ను మోయదు, కింద ఇరుసూ బ్రేకులూ పాతవేగా!

అయ్యో, ఆర్సీ సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పట్టుబడితే ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. కటింగ్ మిషన్ పట్టేముందే ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి అడగండి. నిజానికి ఈ మాటే మొదట చెప్పాలి, ఎడ్లబండి ఎక్కి మర్చిపోయా.